టన్ను అంటే ఏ టన్ను?

చెన్నై శివార్లలో ఇల్లు కట్టిస్తున్న ఏ తెలుగు కుటుంబాన్నయినా కొన్నాళ్లు గమనించండి. రెండు టన్నుల రాడ్లు దిగాయంటారు. రాళ్లు పొడిచేసి తయారుచేసే ఎం-శాండ్ ఇసుక లోడు ఎన్ని టన్నులు వచ్చిందని మేస్త్రీని నిలదీస్తారు. పాత ఇంటి సామాను తేవడానికి ముప్పాతిక టన్ను బండి చాలా, టన్ను బండి పిలవాలా అని తర్జనభర్జన పడతారు. గృహప్రవేశం దగ్గరపడేసరికి పడకగదికి టన్ను ఏసీయా, ఒకటిన్నర టన్నా అన్న పంచాయితీ మొదలవుతుంది. మాట ఒక్కటే. రాడ్ల దగ్గర అది సరుకు బరువు. బండి దగ్గర మోయగల శక్తి. ఏసీ దగ్గర అసలు బరువే కాదు, గదిలోని వేడిని తోడి బయట పోసే వేగం. అదే మాట హార్బరులో నౌక గురించి అంటే చాలాసార్లు దాని అర్థం చోటు.

ఆ పనిలో ఉన్నవాళ్లకు తాము ఏ టన్ను మాట్లాడుతున్నారో తెలుసు కాబట్టి వాళ్లలో వాళ్లకు పేచీ రాదు. తెలియనిది డబ్బు కట్టేవాళ్లకు. అందుకే ఈ చిక్కుముడిని ఒక్కొక్క పోగుగా విప్పి చూడటం మంచిది.

పీపాలోంచి వచ్చిన బరువు

టన్ను మొదట బరువు కాదు, పీపా. ఐరోపాలో ద్రాక్షసారాయిని ఓడల్లో తరలించిన పెద్ద చెక్క పీపాను టన్ అనేవారు. ఇంగ్లండులో అది 252 వైన్ గ్యాలన్లు, ఇప్పటి లెక్కలో సుమారు 954 లీటర్లు. ఓడలో ఎన్ని పీపాలు పడతాయన్నదే ఓడ పరిమాణం. నిండు పీపా ఎంత తూగుతుందన్నది క్రమంగా బరువు కొలత అయింది. చోటు, బరువు రెండూ ఒకే మాటలో కలగలిసిపోవడానికి మూలం ఇదే. జర్మన్‌లో ఇప్పటికీ టొన్నె అంటే పీపా, చెత్తడబ్బా, వెయ్యి కిలోలు, మూడూ.

బరువుగా మారాక కూడా ఒక్కొక్క దేశం ఒక్కొక్క దారి పట్టింది. బ్రిటిష్‌వాళ్ల టన్ను 20 హండ్రెడ్‌వెయిట్లు. పేరులో హండ్రెడ్ ఉన్నా వాళ్ల హండ్రెడ్‌వెయిట్ 112 పౌండ్లు, కాబట్టి టన్ను 2,240 పౌండ్లు, అంటే 1,016 కిలోలు. దీన్ని లాంగ్ టన్ అంటారు. అమెరికావాళ్లు హండ్రెడ్‌వెయిట్‌ను నికరంగా 100 పౌండ్లు చేసుకున్నారు. వాళ్ల టన్ను 2,000 పౌండ్లు, 907 కిలోలు. అది షార్ట్ టన్. ఫ్రాన్సు పాత సముద్రపు టన్ను రెండు వేల లీవ్రులు, అంటే వాళ్ల పాత పౌండ్లు, సుమారు 979 కిలోలు. మెట్రిక్ పద్ధతి వచ్చాక దాన్నే వెయ్యి కిలోలకు సరిచేశారు. నిజానికి మెట్రిక్ పద్ధతిలో వెయ్యి కిలోలకు శాస్త్రీయమైన పేరు మెగాగ్రాము. దాన్ని జనం పెద్దగా వాడలేదు. టన్ను అప్పటికే జనం నోట్లో నానిన మాట. తూనికల అంతర్జాతీయ కమిటీ 1879లో టన్నును, దానికి గుర్తుగా చిన్న అక్షరం 'టి'ని ఒప్పుకుంది.

రష్యన్‌లో తొన్నా, జపనీస్‌లో తొన్, హిందీ, తమిళం, కన్నడాల్లో టన్, మనకు చివర ఒక ఉకారం అతికించుకుని టన్ను. ఈ భాషలన్నిటిలో ఇప్పుడు సరుకు తూకానికి దాని విలువ ఒక్కటే, వెయ్యి కిలోలు.

మద్రాసులో మాత్రం ఇది మొన్నమొన్నటి సంగతి. మద్రాసు రాష్ట్రపు పాత తూకంలో వీశె 3 పౌండ్ల 2 ఔన్సులు, ఎనిమిది వీశెలు ఒక మణుగు అంటే 25 పౌండ్లు, 20 మణుగులు ఒక బారువ అంటే 500 పౌండ్లు. ఓడలకు, రైళ్లకు లాంగ్ టన్. 1956లో చట్టం వచ్చి, 1958 అక్టోబరులో మెట్రిక్ తూకాలు మొదలై, 1962కల్లా దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. కాబట్టి 1950ల ముందటి మద్రాసు ఓడరేవు, రైల్వే లెక్కల్లో కనిపించే టన్నులను ఇప్పటి టన్నులతో పోల్చేటప్పుడు నూటికి 1.6 చొప్పున పెంచి చూడాలి. అమెరికా వార్తల్లోని టన్నులను తొమ్మిది శాతానికి పైగా తగ్గించాలి. తెలుగులోకి అనువదించేటప్పుడు ఈ తేడా దాదాపు ఎప్పుడూ జారిపోతుంది.

పూర్తిగా పోనివి కూడా ఉన్నాయి. చెన్నై ఉత్తరాన రెడ్ హిల్స్ రైసు మిల్లులకు నెల్లూరు ధాన్యం వస్తుంది. నెల్లూరు రైతు ధర మాట్లాడేది పుట్టికి. అక్కడ పుట్టి అంటే 850 కిలోలు. మిల్లులో లెక్క టన్నులకు. పది పుట్లు ఎనిమిదిన్నర టన్నులు. పుట్టి పుట్టుకతో బరువు కాదు, ఇరవై తూముల ధాన్యం పట్టే కొలత. అందుకే వేరే జిల్లాకు వెళితే ఈ 850 పనికిరాదు.

ధాన్యం టన్నులో ఇంకో మెలిక తేమ. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. 22 శాతం తేమ ఉన్న టన్ను ధాన్యాన్ని 17కి ఆరబెడితే ఎంత తరుగు? అయిదు శాతమే కదా, 50 కిలోలు అంటారు చాలామంది. కాదు. ఆ టన్నులో గింజ పదార్థం 780 కిలోలు. ఆరాక అది మొత్తంలో 83 శాతం కావాలి. 780ని 0.83తో భాగిస్తే 940. తరుగు 60 కిలోలు. టన్నుకు పది కిలోల తేడా ఎవరో ఒకరి జేబులోంచి పోతుంది.

రాడ్లు: తూకం లెక్కా, పీస్ లెక్కా

రాడ్లు ఏ ఊళ్లోనైనా బరువుకే అమ్ముతారు. ఇక్కడ టన్నులో సందిగ్ధం లేదు. సందిగ్ధమంతా ఆ బరువు ఎలా తేల్చారన్నదాంట్లో.

రాడ్డు మీటరు బరువుకు మేస్త్రీలందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 162తో భాగించాలి. 12 మి.మీ. రాడ్డుకు 144ని 162తో భాగిస్తే 0.889 కిలోలు. రాడ్డు పొడవు మామూలుగా 12 మీటర్లు. అంటే ఒక్కోటి 10.66 కిలోలు, టన్నుకు 94 రాడ్లు. ఇలాగే 8 మి.మీ. అయితే రాడ్డు 4.74 కిలోలు, టన్నుకు 211. 10 మి.మీ. 7.4 కిలోలు, టన్నుకు 135. 16 మి.మీ. సుమారు 19 కిలోలు, టన్నుకు 53.

ఈ లెక్క సిద్ధాంతం. మిల్లు నుంచి వచ్చే రాడ్డు అచ్చంగా ఇలా తూగదు, తూగాలని నిబంధన కూడా లేదు. టీఎంటీ రాడ్లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1786. అది 10 మి.మీ. వరకు ఏడు శాతం, 10 దాటి 16 వరకు అయిదు శాతం, ఆపైన మూడు శాతం హెచ్చుతగ్గులను అనుమతిస్తుంది. చాలా మిల్లులు ఆ తగ్గు వైపే ఉంటాయి.

ఇప్పుడు రెండు రకాల అమ్మకం చూడండి. కాటా వేసి అమ్మితే, రాడ్డు అయిదు శాతం తేలికైనప్పుడు టన్నుకు 94 బదులు 98, 99 రాడ్లు వస్తాయి. ఇచ్చిన డబ్బుకు ఇనుము సరిగ్గా వచ్చినట్టే. కానీ కొన్ని షాపుల్లో పీస్ లెక్క ఉంటుంది. రాడ్లు లెక్కపెట్టి, సూత్రం బరువుతో హెచ్చించి బిల్లు వేస్తారు. 12 మి.మీ. కట్టకు అయిదు రాడ్లు, కట్ట 53.3 కిలోలు అని బిల్లు. తేలిక రాడ్డు వచ్చిందంటే ఆ అయిదు శాతం కొన్నవాళ్లకు పోయినట్టే. టన్నుకు 50 కిలోలు. కాబట్టి కొనేముందు అడగాల్సిన ప్రశ్న టన్ను ధర ఎంత అని కాదు, తూకం లెక్కా పీస్ లెక్కా అని. బిల్లులో రాడ్ల సంఖ్య, కాటా బరువు రెండూ రాయించుకుంటే రాడ్డు ఎంత తేలికో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. అనుమతించిన హద్దుకు కూడా దిగువన ఉంటే అది డబ్బు సమస్య కాదు, స్లాబు సమస్య. ఇంజినీరు గీసిన డ్రాయింగు పూర్తి వ్యాసాన్ని నమ్ముకుని గీసింది.

ఇసుక: ఇక్కడ యూనిట్, అక్కడ టన్ను

బెంగళూరులో ఎం-శాండ్ టన్ను చొప్పున అమ్ముతారు. చెన్నైలో ఎక్కువగా యూనిట్ చొప్పున. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనమీటర్లు. రెండు ఊళ్లలోనూ పనులు పట్టే తెలుగు కాంట్రాక్టర్లు ధరలు పోల్చుకునేటప్పుడు మొదట తడబడేది ఇక్కడే. పొడి ఎం-శాండ్ ఘనమీటరు సుమారు 1,600 నుంచి 1,750 కిలోలు తూగుతుంది కాబట్టి యూనిట్ నాలుగున్నర నుంచి అయిదు టన్నులు. అంచనాకు ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు అనుకుంటే చాలు.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు? రెండింటికీ ఒకే శత్రువు ఉంది, నీళ్లు. కానీ అది రెండుచోట్లా వేర్వేరుగా దెబ్బ కొడుతుంది. టన్ను చొప్పున కొంటే, ఇసుకలో అయిదు శాతం తేమ ఉన్నప్పుడు టన్నుకు 50 కిలోల దాకా నీళ్లకు డబ్బు కట్టినట్టు. యూనిట్ చొప్పున కొంటే నష్టం ఇంకా పెద్దది. కొద్దిగా తడిసిన ఇసుక రేణువుల చుట్టూ నీటి పొర పట్టి, అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. నాలుగు నుంచి ఆరు శాతం తేమ దగ్గర ఇసుక పరిమాణం 20, 30 శాతం దాకా ఉబ్బుతుంది. సన్న ఇసుక మరీ ఎక్కువ. లారీ నిండుగా కనిపిస్తుంది, లోపల ఇసుక తక్కువ. విచిత్రం ఏమిటంటే పూర్తిగా నీళ్లలో మునిగిన ఇసుక మళ్లీ పొడి ఇసుక పరిమాణానికే దిగిపోతుంది. ఉబ్బును పట్టుకునే పరీక్ష దీనిమీదే ఆధారపడింది.

దానికి కావలసినవి నిటారు గోడలున్న గాజు జాడీ, స్కేలు, సన్న ఊచ. లారీలోని ఇసుకను కూరకుండా వదులుగా జాడీలో పోసి పైభాగం చదును చేయాలి. ఎత్తు 200 మి.మీ. ఉండేలా చూసుకోవాలి. ఆ ఇసుకంతా ఒక పళ్లెంలోకి తీసి, జాడీలో సగం వరకు నీళ్లు పోయాలి. ఇసుకలో సగం వేసి ఊచతో కలియబొడిచి గాలి బుడగలు పోనివ్వాలి. మిగతా సగం వేసి మళ్లీ పొడవాలి. పైన చదును చేసి ఇసుక ఎత్తు కొలవాలి, నీటి ఎత్తు కాదు. 160 మి.మీ.కి దిగిందనుకోండి, 200ని 160తో భాగిస్తే 1.25. అంటే ఉబ్బు 25 శాతం. నాలుగు యూనిట్ల ఇసుకకు అయిదు యూనిట్ల డబ్బు అడుగుతున్నారన్నమాట. బొడవకుండా వదిలేస్తే బుడగలు మిగిలి ఉబ్బు తక్కువగా తేలుతుంది, అది అమ్మినవాడికే లాభం. పొడి ఇసుకకు ఈ పరీక్షలో ఎత్తు దాదాపు మారదు.

టన్నుల్లో కొనేవాళ్లకు ఇంకా తేలిక పరీక్ష. కిలో తడి ఇసుకను పెనంలో పొగలు పోయేదాకా వేయించి మళ్లీ తూచడం. 950 గ్రాములు వస్తే లోడులో ప్రతి టన్నుకూ 50 కిలోలు నీళ్లు.

యూనిట్లలో కొనేటప్పుడు లారీ బాడీ లోపలి కొలతలు తీసుకోవాలి, బయటివి కాదు. 12 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు అంటే 294 ఘనపుటడుగులు, మూడు యూనిట్లకు కాస్త తక్కువ. ఎత్తును అంచు దగ్గర చూసి ఒప్పుకోవద్దు. అంచుల్లో పేర్చి నడుమ గుంతగా వదిలేసే లోడులుంటాయి. ఊచను అయిదారు చోట్ల బాడీ అడుగు తగిలేదాకా గుచ్చి సగటు తీయాలి. దారి పొడవునా కుదుపులకు ఇసుక కొంత దిగడం మాత్రం సహజం, దానికి డ్రైవరుతో పోట్లాడి లాభం లేదు.

కాటా మీద

వేబ్రిడ్జిని తమిళంలో ఎడై మేడై అంటారు, మనవాళ్లు కాటా అంటారు. చీటీ మీద మూడు అంకెలుంటాయి. లోడుతో మొత్తం బరువు, ఖాళీ బండి బరువు, రెండింటి తేడా. మనకు కావలసింది మూడోది. మోసం ఎప్పుడూ రెండోదాంట్లో ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడరు.

పాత చీటీలోని ఖాళీ బరువును మళ్లీ వాడటం ఒక పద్ధతి. ఖాళీగా తూచినప్పుడు డీజిల్ ట్యాంకు అడుగంటి ఉండి, లోడుతో తూచేముందు 200 లీటర్లు పోస్తే, అక్కడే 165 కిలోల ఇసుక కొన్నట్టు. క్యాబిన్‌లో ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కరు, లోడుతో ముగ్గురు. స్టెప్నీ ఒకసారి ఉండి ఒకసారి లేకపోవడం. వానాకాలంలో టార్పాలిన్ మడతల్లో నిలిచిన నీళ్లు. వీటిలో కొన్ని మోసం కాదు, ఉత్త అజాగ్రత్త. నష్టం మాత్రం ఒకటే.

బండి ఎక్కకముందు తెర మీద సున్నా ఉందో లేదో చూడాలి. అన్ని చక్రాలూ ప్లాట్‌ఫామ్ మీదే ఉండాలి. వెనక చక్రం ఒకటి ర్యాంపును తాకినా బరువు తగ్గిపోతుంది. పెద్ద కాటాలు 5 లేదా 10 కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి పది కిలోల దగ్గర వాదించడం దండగ. ప్రభుత్వ తూనికల కొలతల శాఖ వేసే లీగల్ మెట్రాలజీ ముద్ర ఏటా వేయించుకోవాలి, దాని సర్టిఫికెట్ కాటా గదిలో కనిపించాలి. ఖాళీ తూకం, లోడు తూకం ఒకే రోజు, ఒకే కాటా మీద వేయించడం అన్నిటికన్నా మంచి కాపలా.

మోసే టన్నులు

టాటా ఏస్ బండిని చెన్నైలో కుట్టి యానై అంటారు, గున్న ఏనుగు. దాని మీద ముప్పాతిక టన్ను వేయొచ్చని అంటే అది సరుకు బరువు మాత్రమే. లారీ గురించి ఇన్ని టన్నుల లారీ అంటే అది ఒక్కోసారి బండితో కలిపి మొత్తం బరువు. ఈ రెండిటినీ కలిపేసి లోడు ఒప్పుకునేవాళ్లు చివరికి రోడ్డు మీద దొరుకుతారు. ఆర్సీలో రెండు అంకెలుంటాయి, లోడుతో బరువు, లోడు లేని బరువు. వాటి తేడాయే చట్టం ఒప్పుకునే సరుకు. దాటితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఆపై ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. అదనపు సరుకు దింపించే ఖర్చు వేరే.

క్రేను టన్ను ఇంకా జారుడు. 14 టన్నుల హైడ్రా క్రేను 14 టన్నులు ఎత్తేది బూమ్ అనే దాని పొడవాటి చేయి పూర్తిగా లోపలికి ముడుచుకుని, లోడు బండికి బాగా దగ్గరగా ఉన్నప్పుడే. బూమ్ చాపేకొద్దీ అది మోయగలిగేది కొన్ని టన్నులకు పడిపోతుంది. లోడ్ చార్టు క్యాబిన్‌లో అతికించి ఉంటుంది. దాన్ని చదవకుండా పేరులోని టన్నును నమ్మితే క్రేను ముందుకు తిరగబడుతుంది.

మెట్రిక్ టన్ను నిజంగా అందంగా అమరేది ఒక్కచోట, నీళ్ల దగ్గర. ఘనమీటరు నీళ్లు వెయ్యి లీటర్లు, వెయ్యి కిలోలు, ఒక టన్ను. మార్చుకోవడానికి ఏమీ లేదు. ఎండాకాలంలో చెన్నై అపార్టుమెంటుకు వచ్చే 12,000 లీటర్ల ట్యాంకరులో నీళ్లే 12 టన్నులు, లారీ బరువు అదనం. దాన్ని సంపు మూత స్లాబు మీదికి ఎక్కించి నిలబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. కార్ల కోసం వేసిన స్లాబు ఆ బరువుకు బీటలు వారుతుంది, సంపులోకి మురుగు ఊరడం అప్పుడే మొదలవుతుంది.

చల్లదనానికి టన్నెందుకు

ఏసీ టన్ను వెనక ఉన్నది మంచుగడ్డ. యంత్రాలు రాకముందు చల్లదనమంటే ఐసు. 1830ల నుంచి అమెరికాలో మసాచుసెట్స్ చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఓడల్లో మన దేశానికి పంపాడు. మద్రాసులో ఆ మంచును దాచడానికి 1842లో మెరీనా ఎదురుగా కట్టిన భవనమే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానంద బస చేసింది అక్కడే, ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. తిరువల్లిక్కేణి పక్క ఆ బస్టాపును జనం ఇప్పటికీ ఐస్ హౌస్ అనే అంటారు.

అమెరికాలో శీతల యంత్రాలు వచ్చినప్పుడు కొనేవాళ్లకు అర్థమయ్యే కొలత ఒక్కటే, ఇది రోజుకు ఎన్ని టన్నుల ఐసుతో సమానం అని. ఆ టన్ను అమెరికా షార్ట్ టన్, 2,000 పౌండ్లు. పౌండు మంచు కరగడానికి 144 బీటీయూల వేడి కావాలి. బీటీయూ అంటే వేడిని కొలిచే పాత బ్రిటిష్ ప్రమాణం. రెండు వేల పౌండ్లకు 2,88,000. దాన్ని 24 గంటలకు పంచితే గంటకు 12,000 బీటీయూలు. అదే ఒక టన్ను శీతలీకరణ, 3.517 కిలోవాట్లు. మన గోడకు తగిలించిన మెట్రిక్ దేశపు ఏసీలో ఇలా అమెరికా పౌండ్లు దాక్కుని ఉన్నాయి.

ఇందులోంచి రెండు అపార్థాలు పుడతాయి. మొదటిది, ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్లు కరెంటు తాగుతుందన్నది. పూర్తి వేగంతో నడిచేటప్పుడు ఆ అంకె నిజానికి దగ్గరగానే వస్తుంది, కానీ అది కాకతాళీయం. ఒకటిన్నర టన్ను అంటే 5,275 వాట్ల వేడిని తోడేసే శక్తి. దానికి ఖర్చయ్యే కరెంటు యంత్రం సామర్థ్యాన్ని బట్టి దాదాపు మూడో వంతు లేదా ఇంకా తక్కువ. స్టార్ లేబుల్ మీద రాసిన ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినవి. చెన్నైలో రాత్రికి ఎనిమిది గంటల చొప్పున వాడితే ఆ గంటలు 200 రోజుల్లో అయిపోతాయి.

రెండోది, ఒకటిన్నర టన్నులన్నీ సమానమన్నది. అట్ట మీద ఒకటిన్నర అని ఉంటుంది, లేబుల్‌లో వాట్లు చూస్తే ఒక మోడల్ 5,200, ఇంకొకటి 4,800 ఉండొచ్చు. చూడాల్సింది ఆ వాట్లు. ఆ వాట్లు కూడా బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవి. మే నెలలో బయట 40 దాటితే అదే యంత్రం అంతకన్నా తక్కువే ఇస్తుంది. బయటి యూనిట్‌ను గాలి ఆడని డక్టులో పెడితే, తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని ఇంకా చతికిలబడుతుంది. చల్లదనం తగ్గిందని గ్యాస్ నింపించేముందు అది చూడాలి.

అంచనాకు 120 చదరపు అడుగుల గదికి టన్ను, 180 దాకా ఒకటిన్నర. పై అంతస్తు అయి నెత్తిన డాబా ఉన్నా, పడమటి గోడ ఎండకు కాలుతున్నా ఒక మెట్టు పైకి వెళ్లాలి. అంతేగాని ఎందుకైనా మంచిదని చిన్న గదికి రెండు టన్నులు పెట్టడం చెన్నైలో పొరపాటు. సముద్రపు ఊరికి అసలు బాధ ఉక్కపోత. లోపలి కాయిల్ చల్లగా ఉండి దానిమీద నీరు కారినంతసేపే గదిలో తేమ తగ్గుతుంది. మరీ పెద్ద ఏసీ పది నిమిషాల్లో గదిని చల్లబరిచి కంప్రెసరు ఆపేస్తుంది, తేమ అలాగే మిగిలిపోతుంది. చలి వేస్తుంది, ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. ఇన్వర్టరు ఏసీలు వేగం తగ్గించుకుని నడుస్తాయి కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ, పూర్తిగా పోదు.

హార్బరులో

నౌక టన్నుల్లో కనీసం మూడున్నాయి. యుద్ధనౌకకు చెప్పేది అది తోసే నీటి బరువు. సరుకు నౌకకు చెప్పేది డెడ్‌వెయిట్, అంటే సరుకు, ఇంధనం, నీళ్లు, మనుషులు కలిపి మోయగల బరువు. ప్రయాణికుల నౌకకు చెప్పేది గ్రాస్ టన్నేజీ, అది లోపలి చోటు. 1854 బ్రిటిష్ చట్టం 100 ఘనపుటడుగుల చోటును ఒక రిజిస్టర్ టన్ను అంది. ఇసుక యూనిట్ కూడా అంతే అని గుర్తుందా? ఒక యూనిట్ ఇసుక పట్టే చోటు ఒక రిజిస్టర్ టన్ను. టైటానిక్‌ను 46,328 టన్నుల నౌక అంటారు, అది బరువు కాదు, ఈ చోటే. నీటి మీద దాని బరువు 52,310 లాంగ్ టన్నులు. నౌకల టన్నేజీ లెక్కపై 1969లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 1982లో అమల్లోకి వచ్చాక గ్రాస్ టన్నేజీ ఒక సూత్రంతో వచ్చే ఉత్త అంకెగా మారింది, దానికి ప్రమాణమే లేదు. పోర్టు రుసుములు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా దానిమీదే.

ఎగుమతి చేసే చిన్న వ్యాపారులకు తగిలేది నాలుగోది, ఫ్రైట్ టన్. కంటైనరంతా తీసుకోకుండా కొంత చోటే తీసుకుంటే, ఘనమీటరు లేదా వెయ్యి కిలోలు, ఏది ఎక్కువైతే దానికి కిరాయి. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టె 0.12 ఘనమీటర్లు. అలాంటివి 50 అయితే 6 ఘనమీటర్లు. పెట్టె 18 కిలోల చొప్పున మొత్తం బరువు 900 కిలోలే. కిరాయి ఆరు టన్నులకు పడుతుంది. పెట్టెలో నాలుగు వేళ్ల ఖాళీ తగ్గించడం బరువు తగ్గించడం కన్నా లాభం. ఇక చాలా కంటైనర్ల తలుపు మీద గరిష్ఠ బరువు 30,480 కిలోలని రాసి ఉంటుంది. ఆ వింత అంకె ఎందుకంటే అది సరిగ్గా 30 లాంగ్ టన్నులు.

కాగితాల మీద

మన ఇన్వాయిసుల్లో ఎంటీ అంటే మెట్రిక్ టన్ను. కంపెనీల నివేదికల్లో ఎంటీపీఏ అంటే ఏడాదికి మిలియన్ టన్నులు. ఒకే రెండక్షరాలకు పది లక్షల రెట్ల తేడా. చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు రేవులో దిగే బొగ్గు గురించి రాసే వార్తల్లో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. చదివేటప్పుడు అంకె పరిమాణాన్ని బట్టే ఏదో ఊహించుకోవాలి. వంద ఎంటీ బొగ్గు అంటే ఒకచోట నాలుగైదు లారీలు, ఇంకోచోట వందల ఓడలు.

జీఎస్టీలో ప్రమాణాల కోడ్‌లు నిర్ణీతం. మెట్రిక్ టన్నుకు ఎంటీఎస్, టన్నుకు టన్ అని విడిగా ఇంకో కోడ్, క్వింటాలుకు క్యూటీఎల్. మీటర్లకు ఎంటీఆర్. జాబితాలో ఎంటీఆర్, ఎంటీఎస్ ఒకదాని వెంట ఒకటి ఉంటాయి కాబట్టి హడావిడిలో ఒక వరుస పైన నొక్కితే రెండు టన్నుల రాడ్లు రెండు మీటర్ల రాడ్లుగా నమోదవుతాయి. సరుకు తరలించడానికి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు ఒకసారి తయారయ్యాక దాన్ని దిద్దడం కుదరదు. 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి. దారిలో తనిఖీ అయిపోతే రద్దు కూడా కుదరదు. కాబట్టి లారీ గేటు దాటకముందే ఆ ఒక్క గడి చూసుకోవాలి.